కనెక్షన్ బొమ్మలో పెళ్ళివారు

గున్వోర్ తీగ కొయ్యబోయే ముందు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. స్కార్వోయా దీవిలో ట్రాక్టరుతో మంచు తోసేవాడి దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా అందరికీ తెలిసిన సంగతే ఇది. ఒకసారి పాస్టరు చర్చి హీటరు మోటారు గురించి అడగడానికి షాపులోకి వచ్చి, "శుభోదయం" అన్నాడట. గున్వోర్ తల ఎత్తకుండానే వేలితో తలుపు చూపించిందట. ఆయన బయటికి వెళ్ళి ఇరవై నిమిషాలు మంచులో నిలబడి, లోపలి నుంచి "ఇప్పుడు రావచ్చు" అన్న మాట వినబడ్డాకే వచ్చాడట.

ఆవిడ పని కాలిపోయిన మోటార్లకీ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్లకీ లోపలి రాగితీగ, అంటే వైండింగ్, తిరిగి చుట్టడం. ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పాతికేళ్ళ వయసులో చేపల ఫ్యాక్టరీలో తలలు కోస్తుండగా బెల్టు మోటారు కాలిపోయింది. దాన్ని బాగుచేసేవాళ్ళు పెద్దదీవి నుంచి రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. గున్వోర్ ఆ మోటారుని స్లెడ్జి బండి మీద ఇంటికి లాక్కుపోయి, వంటింటి బల్ల మీద విప్పి, ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో స్వెటరు అల్లిక కాగితం వెనక గళ్ళలో గీసుకుంది. అల్లిక చదవడం వచ్చినదానికి వైండింగ్ చదవడం ఎంతసేపు? రెండో రోజు సాయంత్రానికి బెల్టు తిరిగింది. ఇదంతా ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట.

అప్పట్నుంచీ ఆమెకున్న పట్టింపు ఒక్కటే. కాలిన వైండింగ్ పీకేశాక కూడా కాయిల్‌కి చుట్లు ఎన్నో, తీగ మందం ఎంతో ముక్కలు చూసి చెప్పొచ్చు. కానీ ఏ కాయిళ్ళ గుంపు కొస ఏ గుంపు కొసతో కలిసిందో మాత్రం, ఉలి తగిలిన మరుక్షణం మాయమైపోతుంది. ఆ సంగతి యంత్రం మీది పేరుపలక చెప్పదు, తయారుచేసిన ఫ్యాక్టరీ ఉత్తరం రాసినా చెప్పదు. అందుకని ముందు చూడాలి, చెప్పాలి, గియ్యాలి, గీసినదాన్ని వెనక నుంచి మళ్ళీ చదవాలి. ఆ తరవాతే ఉలి. గున్వోర్ చేతిదీపం, చిన్న అద్దం పట్టుకుని యంత్రంలోకి వంగి చెబుతుంది. పనిలో తోడుండే రాగ్న్‌ఫ్రిడ్ పుస్తకంలో గుండ్రంగా గళ్ళు గీసి, గడికీ గడికీ మధ్య గీతలు లాగుతుంది. ఒక గడి అంటే ఒక కాయిళ్ళ గుంపు. ఒక గీత అంటే ఒక జోడింపు తీగ. అలాంటి పుస్తకాలు షెల్ఫులో పంతొమ్మిది ఉన్నాయి. అప్పటిదాకా ఒక్కదాంట్లోనూ తప్పు లేదు.

పంతొమ్మిదో పుస్తకంలో ఒక పేజీ గురించే ఈ కథ.

అది మార్చి మొదటి సోమవారం. కాడ్ చేపలు తీరానికి వచ్చేశాయి. రేవులో ప్రతి పడవకీ తొందరే. హావ్‌సూలా అనే పడవ ఇంజినీరు ఎడ్విన్, ఉప్పునీళ్ళు తాగి చచ్చిన ఆల్టర్నేటర్‌ని ట్రాలీ మీద తోసుకుంటూ షాపుకి తెచ్చాడు. అది లేకపోతే వల లాగే వించి తిరగదు. పడవ శుక్రవారం మధ్యాహ్నం పోటు మీద బయల్దేరాలి. తప్పితే సీజనులో మంచి వారాలు పోయినట్టే. ఆరుగురు మనుషులు రేవులో ఈగలు తోలుకుంటూ కూచోవాలి.

ఎడ్విన్‌కి యాభై ఏడు. భార్య పోయి పదేళ్ళయింది. ఆరేళ్ళుగా ఈ షాపుకి ఏదో ఒకటి బాగుచేయించడానికి వస్తూనే ఉన్నాడు. ఒకసారి డ్రిల్లు పట్టుకొచ్చాడు. దాని రోగమల్లా ప్లగ్గు పెట్టకపోవడమే. గున్వోర్ ప్లగ్గు పెట్టి, తిప్పి చూపించి, ఏమీ అనకుండా ఇచ్చేసింది. ఆ ఏమీ అనకపోవడంలో ఏదో ఉందని రాగ్న్‌ఫ్రిడ్ అప్పట్నుంచీ అంటూనే ఉంది.

ఆ సోమవారం అతను రసీదు మీద సంతకం పెడుతూ అన్నాడు:

"బేరింగు కూడా కాస్త గరగరలాడుతోంది."

"అదీ మారుస్తాను."

"ఇంకోటి. మనిద్దరం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందా అని."

"ఎప్పట్నుంచి?"

"అంటే... నాలుగైదేళ్ళ నుంచీ అనుకుంటున్నాను."

"నేనడిగింది బేరింగు గురించి," అంది గున్వోర్. అనేశాక గానీ అతను ముందన్న మాట బుర్రకెక్కలేదు. చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని పెన్సిలు కింద పడింది. వంగి తీసుకుంది, మళ్ళీ పడింది.

ఎడ్విన్ టోపీ పెట్టుకుని, "తొందరేం లేదులే. అంటే, బేరింగుకి తొందరే," అనేసి వెళ్ళిపోయాడు. అతను రేవు చివరికి చేరేసరికి షాపు తలుపు దభాలున తెరుచుకుంది. గున్వోర్ కోటు లేకుండా, వార్నిష్ మరకల ఏప్రానుతో మంచు మీద జారుతూ, స్తంభాలు పట్టుకుంటూ పరిగెత్తింది.

"సరే అన్నాను!"

"ఎప్పుడన్నావ్?"

"ఇప్పుడే! వినబడలేదా, చెవిటోడా?"

గాలాలకి ఎర గుచ్చుతున్నవాళ్ళు బకెట్లు వాయించారు. ఎవరో పడవ హారన్ మోగించారు. అది విని ఇంకో నాలుగు పడవలు ఎందుకో తెలియకుండానే మోగించాయి.

ఇక షాపులో ఏం జరిగిందంటే, గున్వోర్ దీపం, అద్దం పట్టుకుని మామూలుగానే యంత్రంలోకి వంగింది. రాగ్న్‌ఫ్రిడ్ పుస్తకం తెరిచి గుండ్రంగా పన్నెండు గళ్ళు గీసింది. అందాకా బాగానే ఉంది.

"ఒకటో గుంపు చివర, నాలుగో గుంపు చివరకి," అంది గున్వోర్.

"రాశాను. ఎంతమందిని పిలుస్తావే?"

మామూలుగా అయితే ఈ ప్రశ్నకి రాగ్న్‌ఫ్రిడ్ కూడా మంచులో నిలబడాల్సిందే. కానీ ఆ రోజు గున్వోర్ యంత్రం లోపల్నుంచి నవ్వింది. ఇనుప గుండ్రంలో ఆ నవ్వు గుండిగలో రాయి వేసినట్టు మోగింది.

"పన్నెండుమందే. ఒక్క బల్ల. గుండ్రటి బల్ల."

"అయితే పాస్టరు ఇక్కడ," అంది రాగ్న్‌ఫ్రిడ్. చేతిలో పెన్సిలు ఉంది, కళ్ళ ముందు పన్నెండు గళ్ళు ఉన్నాయి. "తోరిల్ ఎక్కడ? మీ పేత్రా పిన్నిని సిగ్వార్ట్ బాబాయి పక్కన మాత్రం వెయ్యకు. ముప్ఫై ఏళ్ళుగా మాటల్లేవు."

"వాళ్ళ మధ్య గీత పెట్టుకో, మర్చిపోతాం. ఏడో గుంపు పదికి. ఎడ్విన్ వాళ్ళక్కని నా ఎదురుగా వెయ్యి. మిగతా రెండు ఫేజులూ ఇలాగే."

అలా గంటసేపు సాగింది. కాఫీ రెండుసార్లు కాచారు. రాగ్న్‌ఫ్రిడ్ పెళ్ళికూతురి నడక నడిచి చూపించింది. వెనక నుంచి మళ్ళీ చదవడం అన్నది ఇద్దరికీ గుర్తే రాలేదు. గున్వోర్ పాట పాడుతూ ఉలి పెట్టింది. కోసిన రాగి ముడులన్నీ పాత రాగి డబ్బాలో పడ్డాయి. మంగళవారం పొద్దున పాతసామాను లారీ వచ్చి డబ్బా ఎత్తుకుని ఫెర్రీ ఎక్కింది. రాగ్న్‌ఫ్రిడ్ దానికి చెయ్యి కూడా ఊపింది.

బుధవారం పదకొండింటికి కొత్త కాయిళ్ళన్నీ గాడుల్లో కూర్చున్నాయి. నలభై ఎనిమిది గాడులు, గుంపుకి నాలుగు కాయిళ్ళు, కాయిల్‌కి ఐదు చుట్లు. ముచ్చటగా, జడ అల్లినట్టు ఉంది. ఇక కొసలు కలపాలి. గున్వోర్ పుస్తకం తెరిచింది.

చాలాసేపు చూసింది.

"రాగ్న్‌ఫ్రిడ్. ఇలా రా. ఇదేమిటి?"

"కనెక్షన్ బొమ్మ."

"నాలుగో గుంపు పేరు ఓస్తా ఎందుకైంది?"

రాగ్న్‌ఫ్రిడ్ చూసింది. పన్నెండు గళ్ళలో పన్నెండుమంది పెళ్ళివారు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య తొమ్మిది గీతలు. వాటిలో ఏవి తీగలో, ఏవి తగువులో చెప్పడానికి ఒక్క గుర్తూ లేదు. పక్కన "క్రీము కేకులు 3, బాదంది 1" అనీ, కింద "మిగతా రెండూ ఇలాగే" అనీ ఉంది.

ముందు రాగ్న్‌ఫ్రిడ్‌కి నవ్వొచ్చింది. ఆపుకుందామని ఏప్రాను నోట్లో కుక్కుకుంది. దాంతో గున్వోర్‌కీ వచ్చింది. ఇద్దరూ బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా, నడుము నొప్పెట్టేదాకా నవ్వారు. నవ్వు ఆగాక గున్వోర్ పుస్తకం మళ్ళీ తన వైపు తిప్పుకుంది. వైరు స్టాండు మీద తీగచుట్ట ఒకటే మెల్లగా తిరుగుతోంది.

"ఇరవై ఎనిమిదేళ్ళు," అంది గున్వోర్.

కొసలు కలిపి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో ఒక రోజంతా కాల్చాలి. కాల్చాక రాయిలా గడ్డకడుతుంది. తప్పని తేలితే మొత్తం పీకి మొదట్నుంచీ చుట్టడమే. శుక్రవారానికి ఒక్క ప్రయత్నమే దక్కుతుంది.

"సరే, తగువులు తీసేద్దాం," అంది రాగ్న్‌ఫ్రిడ్ ముక్కు తుడుచుకుని. "మిగిలినవి తీగలు."

గున్వోర్‌కి ఆ మాట నచ్చింది. జోడింపు తీగ ఎప్పుడూ సరిగ్గా రెండు గళ్ళు దాటి మూడోదానితోనే కలుస్తుంది, అంతకు తక్కువా కాదు, ఎక్కువా కాదు. దాంతో ఆరు గీతలు ఒక్క దెబ్బకి పోయాయి. పేత్రా పిన్నీ సిగ్వార్ట్ బాబాయీ ఎదురెదురు గళ్ళలో ఉన్నారు కాబట్టి అది తగువే, దానికి లెక్క కూడా అక్కర్లేదు. మూడు గీతలు మిగిలాయి.

"ఒకటీ నాలుగూ. పాస్టరుకీ ఓస్తాకీ ఏమైనా పడదా?"

"పాస్టరుకి పడనిదెవరు? అది తీగే."

"ఏడూ పదీ. కోరే, తోరిల్?"

"ఒకళ్ళనొకళ్ళు చూసుకోనే లేదు. తీగే."

"నాలుగూ ఏడూ. ఓస్తా, కోరే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొత్తం అక్కడే ఉంది. అది తీగ అయితే ఈ ఫేజుకి చెందిన ఒకటి, నాలుగు, ఏడు, పది, ఈ నాలుగు గుంపులూ ఒకే వరసలో ఒకదాని వెనక ఒకటి నిలబడినట్టు. తగువు అయితే రెండేసి గుంపులు రెండు వరసలుగా పక్కపక్కన నిలబడినట్టు. దీనికీ దానికీ వోల్టుల్లో రెండింతల తేడా.

"సోమవారం నాకేం చెప్పావో గుర్తు తెచ్చుకో," అంది రాగ్న్‌ఫ్రిడ్.

"నేనప్పుడు ఎడ్విన్ చెవుల గురించి ఆలోచిస్తున్నాను."

"ఆ చెవుల్లో ఏముందే ఆలోచించడానికి!"

గున్వోర్ ఫోను తీసి ఓస్తా నంబరు తిప్పింది. ఓస్తా ఆమెకి పెద్దమ్మ కూతురు, కోరే ఓస్తా పక్కింటివాడు.

"ఓస్తా, నువ్వూ కోరే మాట్లాడుకుంటున్నారా?"

"ఎవరు, గున్వోరా? పెళ్ళటగా! నాకు చెప్పనే లేదు!"

"చెబుతాలే. కోరేతో నీకు తగువుందా లేదా?"

"నా నిచ్చెన పట్టుకుపోయి క్రిస్మస్ నుంచీ తిరిగివ్వలేదు, వెధవ."

"అంటే తగువే."

"తగువేంటి? నిన్ననే వచ్చి నా గుమ్మం ముందు మంచంతా తీసిపెట్టి పోయాడు. మేక పాల వెన్న పెట్టి వాఫిల్ ఇచ్చాను."

"అంటే రాజీ అయిపోయారన్నమాట."

"నిచ్చెన ఇవ్వనిదే రాజీ ఏంటే?"

గున్వోర్ ఫోను పెట్టేసింది. రాగ్న్‌ఫ్రిడ్ మళ్ళీ ఏప్రాను నోట్లో కుక్కుకుంటోంది.

"చాలు," అంది గున్వోర్. "మనుషుల్ని అడిగింది చాలు. ఇనుముని అడుగుదాం."

కొలబద్ద తీసుకుని ఇనుప గుండ్రం లోపలి వెడల్పు కొలిచింది, ముప్ఫై సెంటీమీటర్లు. పొడవు ఇరవై అయిదు. తరవాత షెల్ఫులోంచి పుస్తకాలన్నీ దింపింది. ఈ వోల్టులకే, ఈ వేగానికే చేసిన ఆల్టర్నేటర్లు వాటిలో ఎన్ని ఉన్నాయో వెతకమని రాగ్న్‌ఫ్రిడ్‌కి చెప్పింది. ఇరవై మూడు దొరికాయి. గున్వోర్ ప్రతిదానికీ వెడల్పుని పొడవుతో గుణించి, ఒక వరసలో ఉన్న మొత్తం చుట్లతో మళ్ళీ గుణించింది. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. చలికాలంలో పని తక్కువున్న రోజుల్లో, వేరేవాళ్ళు పేకాట ఆడుకున్నట్టు ఈమె కాలక్షేపానికి చేసుకునేది. ఎప్పుడు చేసినా ముప్ఫై వేల చుట్టుపక్కలే వచ్చేది. ఎందుకొస్తుందో పూర్తిగా చెప్పలేదు కానీ, ఇనుము ఇంతే మోస్తుందనీ, అంతకు మించి మోయదనీ, తక్కువ మోయించడానికి ఏ ఫ్యాక్టరీవాడూ ఇనుము దండగ చెయ్యడనీ ఆమెకి తెలుసు.

"ఇరవై ఎనిమిది వేల ఏడువందలు," అని రాగ్న్‌ఫ్రిడ్ చదివింది. "ముప్ఫై ఒకటి. ఇరవై తొమ్మిది. మళ్ళీ ముప్ఫై ఒకటి. ఇదేంటి, ఇరవై ఆరు?"

"అది తేడా మనిషి. ఐస్‌లాండు పడవది. వదిలెయ్."

ఇక హావ్‌సూలాది. నాలుగు గుంపులూ ఒకే వరస అయితే ఎనభై చుట్లు, అరవై వేలు. రెండు వరసలైతే నలభై చుట్లు, సరిగ్గా ముప్ఫై వేలు. రాగ్న్‌ఫ్రిడ్ పెన్సిలు గాల్లోకి ఎగరేసింది.

"తగువే! నిచ్చెన తగువే!"

గున్వోర్ కూడా నవ్వింది కానీ సగమే నవ్వింది. ఇరవై ఎనిమిదేళ్ళలో చూసింది కలిపిందే తప్ప, ఊహించింది కలపడం ఇదే మొదలు. తీగ మందం చూసినా రెండు వరసలే సరిపోతున్నాయి. అయినా లెక్క ఇంకోసారి చూసుకుంది. టంకం వేసి, తొడుగులు తొడిగి, దారంతో కట్టింది. గురువారమంతా ఓవెన్ మూలిగింది.

శుక్రవారం పది గంటలకి యంత్రం పడవలోకి దిగింది. ఇంజిన్ గదిలో ఎడ్విన్ బోల్టులు బిగించి చెయ్యి చాపాడు. యంత్రంతో పాటు కనెక్షన్ బొమ్మ నకలు ఒకటి ఇంజినీరుకి ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ. రేపు సముద్రం మధ్యలో ఏదైనా అయితే అతనికి దిక్కు ఆ కాగితమే.

గున్వోర్ నకలు ఇవ్వలేదు. పేజీకి పేజీ పుస్తకంలోంచి చింపి తెచ్చింది. అది చేతిలో పెట్టింది.

ఎడ్విన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మా అక్కని సిగ్వార్ట్ పక్కన ఎందుకు కూర్చోబెట్టావు?"

"ఎడ్విన్, నేను రాసుకోకుండా కోసేశాను."

అతను కళ్ళజోడు తీసేశాడు. గున్వోర్ అంతా చెప్పింది. బల్లా, గీతలూ, లారీ, నిచ్చెనా, ముప్ఫై వేలూ అన్నీ. ఎడ్విన్ ఆమె లెక్కల కాగితం తీసుకుని, ఆయిలు డబ్బా మీద కూర్చుని, పెన్సిలుతో ఒక్కో అంకె మీదుగా నెమ్మదిగా వెళ్ళాడు. పైనుంచి కెప్టెన్ ఆర్న్‌ఫిన్ అరుస్తున్నాడు: "ఏమిటయ్యా కింద, పూజలు చేస్తున్నారా? పోటు వెళ్ళిపోతుంది!"

"నూటికి ఎంత నమ్మకం?" అన్నాడు ఎడ్విన్.

"తొంభై."

"సోమవారం నాకు సరే అన్నప్పుడో?"

"ఎనభై."

ఎడ్విన్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే భయమేముంది," అని ఇంజిన్ తిప్పాడు.

పాత వైండింగ్‌తో నాలుగువందల వోల్టులు రావాలంటే యంత్రానికి ఇచ్చే ఫీల్డు కరెంటు చూపే మీటరు ముల్లు సరిగ్గా మూడు మీద నిలబడేది. ఎడ్విన్ ఆ చోట ఎర్ర రంగు చుక్క పెట్టుకున్నాడు. కొసలు తప్పుగా కలిసి ఉంటే ముల్లు చుక్క మీదికి వచ్చినా వోల్టులు రెండువందల దగ్గరే ఏడుస్తూ ఉంటాయి. అతను పిడిని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతున్నాడు. గున్వోర్ రెండు మీటర్లనీ ఒకేసారి చూడబోయి మెల్లకన్ను పెట్టింది.

నూరు. నూటడెబ్బై. ముల్లు ఒకటిన్నర దగ్గరికి వచ్చింది. వోల్టులు రెండువందల ముప్ఫై. రెండువందలు అప్పుడే దాటేశాయి. గున్వోర్ ఊపిరి వదిలి మళ్ళీ బిగబట్టింది. రెండు. రెండున్నర. మూడువందల యాభై. మూడువందల తొంభై. ముల్లు ఎర్ర చుక్కని తాకింది. వోల్టులు నాలుగువందలు.

"పైన వించి వెయ్యి!" అని ఎడ్విన్ గొంతు చించుకున్నాడు. పైన వించి గుర్రున తిరిగింది. బరువు పడగానే వోల్టుల ముల్లు ఒకసారి ఉలిక్కిపడి, సర్దుకుని, అక్కడే నిలబడింది. ఆల్టర్నేటర్ గొంతు తుమ్మెద పాటలా సాఫీగా ఉంది. గున్వోర్ దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది. వణుకు లేదు, గరగర లేదు. తరవాత ఏం చేసిందో ఆమెకే తెలియదు. ఎడ్విన్ నడుం పట్టుకుని ఆ ఇరుకు గదిలో గిర్రున తిప్పింది. ఇద్దరూ పంపుకి గుద్దుకున్నారు, నిచ్చెనమెట్లకి గుద్దుకున్నారు, టూల్సు పెట్టె బోర్లాపడింది. ఇంజిన్ మోతలో ఎవరికీ ఏమీ వినబడలేదు. ఎడ్విన్ ఏదో అన్నాడు. గున్వోర్ "ఏంటీ?" అంది. అతను మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినబడలేదు. అయినా "సరే!" అంది. ఇంకో చుట్టు తిప్పింది.

కళ్ళు తిరిగి పైకి వచ్చేసరికి గాలి మొహానికి కొట్టింది. రేవు కనబడాల్సిన చోట నీళ్ళు కనబడ్డాయి.

"ఆర్న్‌ఫిన్! నేనింకా దిగలేదు!"

కెప్టెన్ చుక్కాని గది కిటికీలోంచి చూశాడు. "వించి తిరిగింది, తాళ్ళు విప్పేశాను. కాడ్ చేపలు నీ షాపు టైము చూసుకుని వస్తాయా? రేపు దింపుతాలే!"

రేవు అంచున రాగ్న్‌ఫ్రిడ్ ఏప్రాను ఎగురుతుండగా పరిగెడుతోంది. "వోల్టులు ఎన్నీ?" అని అరుస్తోంది.

"నాలుగువందలు!"

రాగ్న్‌ఫ్రిడ్ రెండు చేతులూ ఎత్తి గెంతింది. "షాపు తాళాలో?"

గున్వోర్ జేబు తడుముకుంది. తాళంచెవులు అక్కడే గలగలలాడాయి. షాపు గుమ్మం ముందు ఎవరో పంపు మోటారు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు, అతని వెనక ఇంకొకడు. ఎడ్విన్ వెనకనుంచి ఆమె భుజాల మీద తన నూనెకోటు కప్పాడు. మోకాళ్ళ కిందికి వేలాడింది. పడవ మొదటి పెద్ద అల ఎక్కింది.

గున్వోర్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, జన్మలో మొదటిసారి, ఊరంతా వినబడేట్టు అరిచింది:

"ఇవాళ సెలవూ!"

రాగ్న్‌ఫ్రిడ్ మళ్ళీ గెంతబోయి మంచు మీద జారి కూలబడింది. కూర్చున్న చోటునుంచే, పడవ లైట్‌హౌసు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.